గడపకు అడ్డంగా పడుకున్న మనిషి

నా భార్య నన్ను కాదని ఇంకో మగవాడి నిద్రను నమ్ముకున్న రోజుల సంగతి ఇది. తొందరపడి ఏదేదో ఊహించుకోకండి. ఆమె అతన్ని అన్నా అని పిలిచేది. అతను నన్ను బావా అనేవాడు. మా ఇంట్లోకి అతను అడుగుపెట్టింది చాలా తక్కువ. మా గడప బయట, తలుపుకు అడ్డంగా, నల్ల గొంగడి పరుచుకుని పడుకునేవాడు. అంతే. ఆ పడుకోవడాన్ని చూసి నేను కుళ్ళుకున్నంతగా బొంబాయి కామాఠిపుర గల్లీలన్నిటిలో ఏ మొగుడూ ఎవర్ని చూసీ కుళ్ళుకుని ఉండడు.

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని మా చాల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఈ ఒక్క సంగతిలో మాత్రం ఏమీ తీసేయకండి. తీసేస్తే నా బాధ సగమే మిగులుతుంది. అది నాకు అన్యాయం.

మా చాల్‌కు మూడు అంతస్తులు. ప్రతి అంతస్తులో పొడుగాటి గ్యాలరీ, దాని వెంట వరసగా ఒంటిగది ఇళ్ళు. వాటిని ఖోలీలంటాం. నీళ్ళ నల్లా ఒక్కటే, అదీ కింద వాకిట్లో. మేమంతా పాలమూరు వైపు నుంచి వచ్చి ఈ ఊరి మేడలకు రాళ్ళెత్తిన కూలీల మనవలం. సముద్రం ఒడ్డున నిలబెట్టిన పెద్ద రాతి దర్వాజా ఉంది కదా, దాన్ని మా తాత ఒక్కడే భుజం మీద మోసుకొచ్చి దించాడని నేను చెప్పేవాణ్ణి. దించాక బీడీ ముట్టించుకున్నాడని కూడా చెప్పేవాణ్ణి. గ్యాలరీ అంతా నవ్వేది. అందరికంటే ముందు నా భార్య నవ్వేది, ప్రతిసారీ అప్పుడే మొదటిసారి విన్నట్టు. ఆ నవ్వు కోసం నేను మా తాత బరువును ఏడాదికేడాది పెంచుతూ పోయాను.

మా గ్యాలరీలో పగటిపూట ఎవరూ తలుపుకు తాళం వేయరు. పగలు తాళం కనిపించిందంటే ఆ ఇంటివాళ్ళు ఊరికి పోయారని అర్థం, లేదా ఎవరో చనిపోతే మట్టికి పోయారని అర్థం. మిగతా రోజుల్లో తలుపు బార్లా తీసి ఉంటుంది, అడ్డంగా ఒక పాత చీర తెర. మా ఇంట్లో ఉప్పు అయిపోతే పక్కింటి తెర జరిపి తీసుకునేవాళ్ళం. పక్కింటివాళ్ళ అత్త అలిగితే మా తెర జరిపి వచ్చి కూర్చునేది.

నేను గ్రాంట్ రోడ్డు దగ్గర ఒక సినిమా హాల్లో గేట్ కీపర్ని. టికెట్టు చింపడం, టార్చి వేసి సీటు చూపించడం నా పని. పన్నెండు గంటల ఆటకు వెళ్తే ఆఖరి ఆట అయ్యాకే ఇంటికి. టికెట్టు లేకుండా నా తలుపు దాటిన మొనగాడు లేడు. ఒక్కడు దాటాడు, అతను పోలీసు. తలుపు కాయడమే వృత్తిగా బతికిన నేను అక్కడ ఊరందరి కోసం తలుపు కాస్తున్న వేళలోనే ఇక్కడ నా ఇంట్లోకి దొంగ వచ్చాడు.

ఎనభై ఒకటిలో, దసరా వెళ్ళాక. సాయంత్రం నల్లా వచ్చే వేళ. ఆడవాళ్ళంతా బకెట్లు పట్టుకుని కిందికి దిగారు. నా భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న రెండు ఇత్తడి బిందెలు, వెండి కడియాలు, పట్టుచీర, నా ట్రాన్సిస్టరు పోయాయి. మూల ఖోలీలో ఉండే పెద్దవ్వ ఆ దొంగను చూసింది కూడా. మోకాళ్ళ నొప్పులతో నల్లా దగ్గరికి దిగని మనిషి మా అంతస్తులో ఆమె ఒక్కతే. చెరో చంకలో ఒక బిందె పెట్టుకుని పోతున్నవాణ్ణి చూసి, గిన్నెలకు కళాయి వేసేవాడనుకుంది.

"ఓ బిడ్డా, మా తాన గూడ గిన్నెలున్నయ్. రేపు రా" అని కేకేసిందట.

"వస్త అవ్వా" అని మర్యాదగా చెప్పి, మెట్లు దిగి పోయాడట.

పోయిన వస్తువుల కోసం నా భార్య కొంచెమే ఏడ్చింది. ఆమెను పట్టి కుదిపింది వేరే. ఆ దొంగ పీట వాల్చుకుని కూర్చుని, ఆమె కంచంలో జొన్నరొట్టె, ఎండు చేపల కూర పెట్టుకుని తిన్నాడు. తిని కంచంలోనే చేయి కడిగాడు. కడిగిన కంచాన్ని గోడకు ఆనించి పెట్టాడు.

"ఉరుక్కుంట వచ్చి ఉరుక్కుంట పోతే నాకింత గాకపోవు" అనేది. "ఆడు కూసున్నడు. పీటేస్కొని కూసున్నడు. ఆని ఇల్లు లెక్క."

ఆ కంచంలో ఆమె మళ్ళీ తినలేదు. పీటను కింద చెత్తలో పడేసింది.

ఆమె బీడీలు చుట్టేది. మా గ్యాలరీ మొదట్లో, మెట్ల దగ్గర, వెలుతురు బాగా పడేచోట ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. తునికాకు కత్తిరించడం, పొగాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, వాటితోపాటు లోకంలో ఉన్న అందరి గురించీ మాట్లాడటం. అందరికంటే వేగంగా చుట్టేది నా భార్య. అందరికంటే గట్టిగా మాట్లాడేదీ ఆమే. దొంగ వచ్చిపోయాక అక్కడికి పోవడం మానేసింది. మా ఖోలీ గుమ్మంలోనే, గోడకు వీపు ఆనించి కూర్చుని చుట్టేది. మెట్ల మీద కొత్త అడుగుల చప్పుడైతే చేయి ఆగిపోయేది. బీడీలు ఇచ్చి ఆకు తెచ్చుకోవడానికి పక్క గల్లీ దుకాణానికి పోవడం లేదు. బజారు లేదు. నీళ్ళు కూడా పక్కింటివాళ్ళు తెచ్చి పోయాల్సి వచ్చేది. కాలు ఇల్లు దాటేది కాదు.

ఆమెకు ధైర్యం చెప్పడానికి నాకు తెలిసిన మార్గం ఒకటే. హాల్లో నాకు సెలవు ఉండే సోమవారం సాయంత్రం గ్యాలరీలో కూర్చుని ఆ దొంగను నేనెలా తరిమానో చెప్పడం మొదలుపెట్టాను. ఒంటికి నూనె పూసుకున్న ఆరడుగుల మనిషి. నా టార్చి వెలుగు కళ్ళలో పడగానే గుడ్డివాడై గ్రాంట్ రోడ్డు వంతెన ఎక్కాడు. నేను వెనకే. పట్టాల మీద లోకల్ బండి వస్తోంది. వాడు ఒక్క దూకు దూకాడు. నేనూ...

"ఏ బండి బావా? చర్చిగేట్ బండా, విరార్ బండా?" అని అడిగాడు ఎవడో. గ్యాలరీ నవ్వింది.

నా భార్య నవ్వలేదు. "ఆ వేళకు నువ్వు హాల్లనే ఉంటివి" అంది. "నీ కతలు పోయి దొంగకు చెప్పు. ఆడన్న కూసొని ఇంటడు."

చాటలో పొగాకు సర్దుకుంటూ లోపలికి పోయింది. అన్నేళ్ళలో నా కథ మధ్యలో ఆమె లేచి పోవడం అదే మొదటిసారి.

సరే, కథలు పనిచేయకపోతే ఇనుము పనిచేస్తుందనుకున్నాను. మా బిందెలు కనపడతాయేమోనని చోర్ బజారంతా తిరిగాను. బిందెలు కనపడలేదు. తాళం కొనుక్కొచ్చాను. కొబ్బరికాయంత తాళం. అండమాన్ జైల్లో ఇంగ్లీషువాళ్ళు వాడిన తాళమిది, దీన్ని తెరవడానికి తాళంచెవి ఉంటే చాలదు, ధైర్యం కూడా ఉండాలి అని చెప్పాను. నా భార్య దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది. మర్నాడు నల్లా రాగానే తలుపు దగ్గరికి వేసి, ఆ తాళం బిగించి, బకెట్టు తీసుకుని కిందికి దిగింది.

తిరిగి వచ్చేసరికి మిగతావాళ్ళు ముందే పైకి వచ్చి ఆ తాళాన్ని చూసేశారు. ఆడవాళ్ళు తలలు దించుకుని బీడీలు చుడుతున్నారు. పెద్దవ్వ మాత్రం తలుపు దగ్గరే నిలబడి ఆ తాళాన్ని చూస్తోంది.

"ఎవల కోసమే బిడ్డా ఇది? నా కోసమా?"

"అయ్యో, గట్ల గాదవ్వా."

"నీళ్ళకు అందరం పోయినం. పైన ఉన్నది నేనొక్కదాన్నే. మరి నాకే గద ఏసినవ్ తాళం?"

కళాయివాడనుకుని దొంగను సాగనంపిన బాధ ఆమెకు ముందే ఉంది. మా తాళం దాని మీద కూర్చుంది. నా భార్య ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. పెద్దవ్వా ఏడ్చింది. గ్యాలరీ మొత్తాన్ని దొంగల్ని చేసిన ఆ తాళాన్ని అప్పుడే తీసేసి బియ్యం డబ్బా వెనక పడేశారు. నా భార్య మళ్ళీ గుమ్మంలో గోడకు ఆనుకుని కూర్చుంది.

అప్పుడు వచ్చాడు అతను.

మా పక్క ఖోలీలో ఒంటరిగా ఉండేవాడు. బట్టల మిల్లులో మూడో పాళీ, అంటే రాత్రంతా పని, పొద్దున వచ్చి పగలంతా నిద్ర. పొట్టి మనిషి, బక్క మనిషి. జుట్టులో ఎప్పుడూ దూది పోగులు. భార్యాపిల్లలు పాలమూరు దగ్గర ఊళ్ళో. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ, వాటిలోనూ సగం "ఆఁ", "ఊఁ". నేను చెప్పే కథలకు కూడా నవ్వేవాడు కాదు, తల ఊపేవాడు. అలాంటివాణ్ణి నేను ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు.

ఒకరోజు పొద్దున నేను లోపల సగం నిద్రలో ఉన్నాను. అతని గొంతు వినిపించింది.

"చెల్లె, నా ఖోలీల ఉక్కపోస్తుంది. మీ తలుపు కాడ గాలొస్తది. ఈడ పండుకుంట."

"పండుకో అన్నా."

"అడ్డం పండుకుంట. ఎవల్ని రానియ్య."

"నిద్రల ఉంటవ్, ఎట్ల ఆపుతవ్ అన్నా?"

దానికి జవాబు పెద్దవ్వ ఇచ్చింది. "పండుకున్న మనిషిని దాటనీకి దొంగకైన కాలు లేస్తదా? ఆడూ ఒక తల్లి కన్నబిడ్డనే గద!"

ఆ మాటతో నా భార్య లేచింది. చాట, ఆకు, పొగాకు, కత్తెర, మధ్యాహ్నానికి కావాల్సిన అన్నం గిన్నె అన్నీ బయట పెట్టుకుంది. అతను గొంగడి పరిచి గడప పొడవునా పడుకున్నాడు. ఆమె గ్యాలరీ మొదటికి పోయి కూర్చుంది. కాసేపటికి ఆమె గొంతు వినపడింది, ఎవరి కోడలినో ఏదో అంటోంది. నెల రోజులుగా నేను గుమ్మం దగ్గర ఎన్ని వేషాలు వేసినా రాని గొంతు అది. నేను మేలుకుని ఉండి చేయలేని పనిని అతను నిద్రపోయి చేశాడు. అక్కడ మొదలైంది నా కడుపు మంట.

ఆ రోజు ఇంకో సంగతి ఎవరికీ తట్టలేదు. నేను లోపల ఉన్నాను.

పదకొండు దాటాక లేచి, మొహం కడుక్కుని, ఖాకీ చొక్కా వేసుకుని గుమ్మం దగ్గరికి వచ్చాను. గడపకు అడ్డంగా అతను. గురక. సన్నగా దారం తీసినట్టు మొదలై, పోనుపోను మగ్గం ఆడినట్టయ్యి, ఒక చోట ఆగి, మళ్ళీ దారం. నేను కాలు ఎత్తాను.

"ఏయ్! దాటకు!" మూల నుంచి పెద్దవ్వ కేక.

"నాకు డ్యూటీ ఉన్నది అవ్వా."

"డ్యూటీ ఉంటే? పండుకున్నోన్ని దాటుతవా? దాటితే మల్ల ఎనకకు దాటాలె."

"ఎనకకు దాటితే మల్ల లోపలనే ఉంట గద!"

"గందుకే దాటకంటున్న."

"మరి రాత్రి వచ్చినంక దాటుత."

"అప్పటిదాంక ఆయన పండుకోని ఉంటడా? లేసినోన్ని ఎట్ల దాటుతవ్? పండుకొని ఉన్నంతలనే తిరిగి దాటాలె."

నేను నా భార్య వైపు చూశాను. గ్యాలరీ మొదట్లో కూర్చుని అంతా వింటోంది. "అన్నను లేపుతనే" అన్నాను.

"అయ్యో లేపకు! రాత్రంతా నిలబడి పనిచేసి వచ్చిండు."

నేను కూడా రాత్రి దాకా నిలబడే పనిచేశానని ఆమెకు గుర్తు రాలేదు. కూర్చుంటే గేట్ కీపర్ ఉద్యోగం ఉండదు మరి. అతను నీళ్ళ వేళ దాటాక, ఐదున్నరకు లేచి, కళ్ళు నులుముకుని, లోపల చొక్కా వేసుకుని నిలబడ్డ నన్ను చూసి, "బావా, ఇయ్యాల సెలవా?" అన్నాడు. అతను ఆ రోజు మాట్లాడిన పది మాటల్లో మూడు అవే. హాల్లో నా బదులు వేరుశెనగలమ్మేవాణ్ణి గేటు దగ్గర నిలబెట్టారట. వాడు సగం ఊరిని ఉత్తినే లోపలికి పంపాడట.

మర్నాటి నుంచి పద్ధతి మారింది. అతను మిల్లు నుంచి వచ్చి పడుకోకముందే నేను ఇల్లు ఖాళీ చేయాలి. ఆఖరి ఆట చూసి వచ్చి పడుకున్నవాణ్ణి పొద్దున్నే లేపి, చాయ్ తాగించి, నా ఇంట్లోంచి నన్ను బయటికి పంపేది నా భార్య. నేను బయటికి అడుగుపెట్టగానే అతను గొంగడి పరిచేవాడు. నా నిద్రను నా కళ్ళ ముందే ఇంకొకడు పోయేవాడు. పన్నెండు దాకా ఎక్కడికని పోను? గ్రాంట్ రోడ్డు స్టేషన్లో బెంచీ మీద కూర్చుంటే పోలీసు లేపేవాడు. ఇరానీ హోటల్లో ఒక చాయ్ మీద అంతసేపు కూర్చోనివ్వరు. చివరికి హాల్లోనే, తెర పక్కన నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాను. గుర్రాలు కూడా నా దగ్గర నేర్చుకోవాలి. ఒకరోజు హాలంతా ఒకేసారి నవ్వితే ఉలిక్కిపడి లేచి, చేతిలో ఉన్న టార్చిని తెర మీది హీరోయిన్ మొహాన వేశాను. మేనేజరు నన్ను పిలిచి చాలా మంచి మాటలు అన్నాడు.

ఇంట్లో అతని మర్యాద పెరుగుతూ పోయింది. మొదట గొంగడి మీద చేయి తలగడగా పెట్టుకుని పడుకునేవాడు. ఒకరోజు చూస్తే అతని తల కింద దిండు ఉంది. నా దిండు. బూరుగు దూది దిండు, మా అత్త కుట్టిచ్చింది.

"నీకు ఇంకోటున్నది గద" అంది నా భార్య.

"అది రాయి లెక్క ఉంటది."

"మీ తాత రాళ్ళే మోసిండు గద. నీకేంది?"

అతను లేచే వేళకు ఆమె చాయ్ పెట్టి ఇచ్చేది. అల్లం వేసి. నాకు అల్లం ఎప్పుడు వేసిందో నాకు గుర్తు లేదు. అతను పడుకున్నప్పుడు గ్యాలరీలో పిల్లలు గోళీలాడకూడదు. కూరగాయలవాడు కింద నుంచి కేకేస్తే ఆడవాళ్ళంతా కలిసి "ష్ష్" అనేవాళ్ళు. నా జీవితంలో నేను ఎన్నో చోట్ల నిద్రపోయాను, నా కోసం ఎవరూ ఎవర్నీ ష్ష్ అనలేదు.

నేను ఊరుకోలేదు. నా దగ్గర ఉన్న ఆయుధం నోరు. ఒకరోజు గ్యాలరీలో, మెల్లగా, ఎవరి గురించీ కానట్టు మొదలుపెట్టాను. "గురక పెట్టేవాణ్ణి కాపలా పెడితే దొంగకు ఇంకా సులువు. వాడు నిద్రపోయాడని దూరం నుంచే తెలుస్తుంది. బైకల్లా దగ్గర ఒక సేటు ఇట్లాగే ఒక గురకోణ్ణి పెట్టుకున్నాడు. దొంగలు వచ్చి ఏం చేశారు? దాటలేదు. మంచంతో సహా ఎత్తి పరేల్ దాకా మోసుకెళ్ళి దించి వచ్చి, తీరిగ్గా ఇల్లు దోచుకున్నారు. వాడు పరేల్లో లేచి, సేటూ చాయ్ అన్నాడు."

గ్యాలరీ నవ్వింది. నా భార్య కూడా పెదవి కొరుక్కుంది. గెలిచాననుకున్నాను.

"ఆ మంచం మోసినోళ్ళల్ల నువ్వు కూడ ఉండొచ్చు" అంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "నీకు తెల్వదు. ఆయన గురక ఇనపడుతుంటే నా పానం నిమ్మళంగ ఉంటది. ఆ చప్పుడు ఉన్నంతసేపు ఇంట్ల ఎవడు కూసోలేదని తెలుస్తది నాకు."

 ఆమె అప్పటికి నల్లా దాకా పోతోంది, అక్కడే నిలబడి కబుర్లు చెబుతోంది. పక్క గల్లీ దుకాణానికి మాత్రం ఇంకా పోలేదు. బీడీలు ఎవరితోనో పంపేది. మెట్లు దిగి, చాల్ గేటు దాకా వచ్చి, అక్కడి నుంచి తల ఎత్తి మా గడప వైపు చూసి వెనక్కి తిరిగేది. ఎంతైనా బాగుపడుతోంది. అది నా కంటికి కనిపిస్తూనే ఉంది. అది అతని వల్ల అని కూడా కనిపిస్తోంది. ఈ రెండో ముక్క లేకుండా మొదటి ముక్కను సంతోషంగా చూడటం నాకు చేతకాలేదు.

ఎనభై రెండు మొదట్లో బొంబాయి మిల్లులన్నీ సమ్మెకు దిగాయి. సాంచాలు, అంటే మిల్లు మగ్గాలు, ఆగాయి. అతనికి రాత్రి పని పోయింది. రాత్రి పని లేక రాత్రి నిద్ర వచ్చింది. రాత్రి నిద్రపోయినవాడికి పగలు నిద్ర రాదు కదా! అయినా చెల్లెలి కోసం రోజూ వచ్చి గొంగడి మీద పడుకునేవాడు. కళ్ళు తెరుచుకుని పైకప్పు చూసేవాడు. గురక లేదు. నా భార్య గ్యాలరీ మొదట్లో కూర్చుని చెవి ఇటే పెట్టేది, చప్పుడు వినపడక ఆమె చేయి మళ్ళీ ఆగిపోతుండేది. కొన్నాళ్ళకు, చాలామందిలాగే, అతనూ ఊరికి బయలుదేరాడు.

నేను మెట్లదాకా అతని మూట మోసి సాగనంపాను. అంత సంతోషంగా నేను ఎవరి మూటా మోయలేదు.

"అన్నా, ఆ గొంగడన్న ఉంచిపో" అంది నా భార్య.

అతను మూట విప్పి, గొంగడి తీసి ఇచ్చాడు. వెళ్ళాక ఆమె దాన్ని గడపకు అడ్డంగా పరిచింది, కింద ఒక మూట దూర్చి మనిషి ఉన్నట్టు. నా పెళ్ళయిన ఇన్నేళ్ళకు నేను ఒక గొంగడిని చూసి కుళ్ళుకునే రోజు వచ్చింది. కానీ గొంగడి గురక పెట్టదు. పెద్దవ్వ దాన్ని పరీక్షగా చూసి, "బట్టను దాటితే దోసమేం లేదు" అని తేల్చేసింది. నా భార్య చాట తీసుకుని గుమ్మంలోకి వచ్చి గోడకు ఆనుకుంది. అంతా మొదటికి వచ్చింది. ఆమె వేళ్ళు మెట్ల చప్పుడుకు మళ్ళీ ఆగుతున్నాయి.

ఆ సోమవారం నాకు సెలవు. అన్నం తిని, గొంగడి కింది మూట లాగేసి, దాని మీద నేను పడుకున్నాను.

"ఇయ్యాల్టికెల్లి కాపలా నాది" అన్నాను.

"నువ్వా? నువ్వు పండుకుంటే ఇంట్లున్నదంత లేసి నడుసుకుంట పోతది" అంది లోపల నుంచి. బయటికి రాలేదు. నా వెనకే, గుమ్మం లోపల, చాట పెట్టుకుని కూర్చుంది.

గొంగడి గుచ్చుకుంటోంది. దూది వాసన, నూనె వాసన, అతని వాసన. నేను కళ్ళు మూసుకుని గురక మొదలుపెట్టాను.

"అట్ల గాదు. అన్నది సన్నగ మొదలైతది" అంది ఆమె.

సన్నగా మొదలుపెట్టాను. దారం తీశాను, మగ్గం ఆడించాను. "నడుమ ఆగాలె" అంది. ఆగాను. ఎంతసేపు ఆగానో తెలియదు. ఎన్నో నెలలుగా స్టేషన్ బెంచీల మీద, తెర పక్కన, నిలబడి నిద్రపోయిన ఒళ్ళు. నిజంగానే నిద్రపోయాను.

"నీళ్ళొచ్చినయ్!" అన్న కేకతో మెలకువ వచ్చింది. గ్యాలరీలో గాజుల చప్పుడు, బకెట్ల చప్పుడు.

"ఏయ్, లే. నేను పక్కింటామెకు బకెట్ ఇయ్యాలె" అంది నా భార్య.

లేవబోయి ఆగాను. అతన్ని ఎవరూ లేపలేదు. అతని కోసం కూరగాయలవాణ్ణి కూడా ష్ష్ అన్నారు. నా విలువెంతో చూద్దామని కళ్ళు తెరవలేదు. గురక అందుకున్నాను.

చీపురు వెనకభాగంతో నడుములో పొడిచింది. నేను మగ్గం ఆడించాను. "లే అంటుంటే! నీళ్ళు పోతయ్!" చెవి పక్కన బకెట్టు గలగలలాడించింది. నేను దారం తీశాను. ఆమె పక్కింటామెను పిలిచింది. ఆమె అప్పటికే దిగిపోయింది. బకెట్టు చప్పుడు ఆగింది. ఆమె వెనక్కి పోయి కూర్చుందనుకున్నాను. మరుక్షణం చీర అంచు నా ముక్కు మీద నుంచి జరిగింది, ఖాళీ బకెట్టు మోకాలికి తగిలింది.

దాటింది.

"మొగన్ని దాటినవే!" పెద్దవ్వ కేక మూడు అంతస్తులకూ వినబడింది. "పండుకున్న మొగన్ని దాటినవే!"

"వచ్చి మల్ల దాటుత తియ్ అవ్వా!" ఆ గొంతు అప్పటికే మెట్ల మీద ఉంది.

నేను లేచి కూర్చోబోయాను. పెద్దవ్వ కర్ర నేలకు కొట్టింది. "లేవకు! ఆమె మల్ల దాటకముందు నువ్వు లేస్తే దోసం నీ మీదనే ఉంటది. పండు!"

పడుకున్నాను. కింద నల్లా చప్పుడు, ఆడవాళ్ళ మాటలు. వాటి మధ్యలో ఒక నవ్వు. నా కథలకు ముందుగా నవ్వే ఆ నవ్వే. దేనికో తెలియదు. నా గురించే అయి ఉంటుంది.

నీళ్ళు అయిపోయాయి. ఆడవాళ్ళు బకెట్లతో ఒక్కొక్కరే పైకి వచ్చారు, నాకు తగలకుండా గ్యాలరీ అంచున ఉన్న కఠారా కమ్మీల పక్కగా నడుస్తూ.

"ఏం బావా, టికెట్ చింపుతవా?"

"టార్చి ఏసి మా ఖోలీ చూపియ్యరాదు!"

"మా ఇంటామె ఏది?" అన్నాను పడుకునే.

"ఆమెనా? బకెట్ నా తాన పెట్టి బీడీల దుకాణం కాడికి పోయింది. ఆడికెల్లి బజారుకు పోతనన్నది."

బజారుకు! నా వెనక ఇల్లు బార్లా తెరిచి ఉంది. నేను ఉన్నాను, లేవడానికి వీల్లేకుండా. చీమలు వచ్చాయి. ఒక కాకి వచ్చి కఠారా మీద కూర్చుని నన్ను రెండు కళ్ళతోనూ మార్చి మార్చి చూసింది. పిల్లలు బడి నుంచి వచ్చి, నన్ను చూసి, మరాఠీలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. పెద్దవ్వ కర్ర ఒళ్ళో పెట్టుకుని నాకు కాపలా కూర్చుంది. ఖోలీల్లో దీపాలు వెలిగే వేళకు నా భార్య వచ్చింది. ఒక చేతిలో పక్కింట్లోంచి తీసుకున్న నీళ్ళ బకెట్టు, ఇంకో చేతిలో సంచి, సంచిలోంచి మెంతికూర, జడలో పూలు.

"ఇంక లేవలేదా?"

"లేవనిచ్చిన్రా!"

నవ్వింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి, నన్ను లోపలి వైపు దాటింది. బకెట్లో నీళ్ళు తొణికి నా ఛాతీ మీద పడ్డాయి. "అయిపోయింది. ఇగ లే" అంది.

నేను లోపలికి వచ్చి, చొక్కా పిండుకుంటూ అడిగాను. "ఇల్లు ఇడిసిపెట్టి బజారుకు పోతివి. భయం కాలేదా?"

"భయమెందుకు? పెద్దవ్వ నిన్ను లేవనియ్యదని తెలుసు."

"ఇన్ని రోజులు ఆయన్ని ఒక్కసారన్న దాటినవా? నన్నయితే ఎట్ల దాటినవ్?"

ఆమె మెంతికూర గిల్లుతూ తల ఎత్తలేదు. "ఆయన పండుకునెటోడు. నువ్వు ఏషం ఏసినవ్. ఏషం ఏసినోన్ని దాటితే దోసమేంది?"

"ఏషమని నీకెట్ల తెలుసు?"

"నడుమ గురక ఆగింది సూడు, అప్పుడు పండుకున్నవ్. నీళ్ళొచ్చినయ్ అనంగనే మల్ల షురూ చేసినవ్. నువ్వు నిజంగ పండుకుంటే గురకనే పెట్టవ్. నాకు తెల్వదా?"

నేను గురక పెట్టనని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు నీళ్ళ వేళకు ఆమె తెర ఒక్కటి జరిపి, బకెట్టు తీసుకుని దిగింది. గడపకు అడ్డంగా ఎవరూ లేరు. ఒకసారి బజారు దాకా పోయివచ్చిన కాలికి ఇంక కాపలా అక్కర్లేకపోయింది. గొంగడిని మడిచి పైన పెట్టింది, అన్న వస్తే ఇవ్వడానికి. అండమాన్ తాళాన్ని తునికాకు కట్టల మీద బరువుగా పెట్టుకుంది. నా దిండు నాకు తిరిగి వచ్చింది. మధ్యలో అతని తల పట్టేంత గుంత. ఆ దిండును గ్యాలరీ కఠారా మీద ఎండలో వేసి, కర్రతో చాలాసేపు కొట్టాను. గుంత పోలేదు.